ఐదో మిట్ట కారు ముల్లు

ఎండ 8

ఈరోజు నుంచి షెడ్డు పుస్తకం నేను రాస్తున్నాను. ఇదివరకు రాసిన పోలయ్యకి చూపు మసకబారింది. పన్నెండుని ఇరవై రెండని చదివి ఊరి చేత ఒక పూట పండగ చేయించాడు. నిజం తెలిశాక, వండిన పాయసం ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అందుకని ఆయన్ని తీసి నన్ను పెట్టారు. ఏడో తరగతి చదివాను. పన్నెండేళ్ళు గొర్రెలు కాశాను కాబట్టి గొంతు ఉంది.

పనులు మూడు. పొద్దున్న పిండిమర బెల్టు తగిలించి మెకానిక్కు పైడితల్లి కారుని పూర్తిగా తొక్కినప్పుడు, ఇంజన్లోకి గాలి కుక్కే టర్బో గేజీలో ముల్లు ఎంతదాకా పోయిందో చూసి, అరుగెక్కి ఊరంతటికీ వినపడేలా చెప్పడం ఒకటి. ఇప్పసారా కొలిచి ట్యాంకులో పొయ్యడం రెండోది. కారు తాగేది అదే. సాయంత్రం షెడ్డు కాపలావాళ్ళ నోళ్ళు వాసన చూడడం మూడోది. ఈ మూడోదాని సంగతి ముందే చెప్పి ఉంటే గొర్రెల దగ్గరే ఉండేవాణ్ణి.

ముల్లు: పద్నాలుగు. జనం విని తలలూపి పొలాలకి పోయారు. పోయిన వానాకాలంలో ఒకరోజు తొమ్మిది చూపిస్తే మధ్యాహ్నం దాకా ఎవరూ నాగలి పట్టలేదట.

ఊట దగ్గర నుంచి నీళ్ళ ట్యాంకు రెండుసార్లు వచ్చింది. సముద్రం కొండదారి మూడో మలుపు దగ్గరే ఉంది, ఈ ఏడు పైకి రాలేదు.

ఎండ 10

గవరయ్యనాయుడు షెడ్డు ముందు మీటింగు పెట్టాడు. ఊరికి పెద్ద ఆయనే. విషయం అందరికీ తెలిసిందే, అయినా మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఎండ 40న ఐదు మిట్టల కార్లూ బండ లాగాలి. రెండేళ్ళుగా మేమే ఆఖరు. ముచ్చటగా మూడోసారి కూడా ఆఖరున వస్తే ఐదూళ్ళ పంచాయతీ మా కారుని తీసుకుపోయి మొదటి మిట్టకి ఇచ్చేస్తుంది. నడపడం చేతకాని ఊరికి కారెందుకన్నది వాళ్ళ వాదన.

కారు పోతే నీళ్ళు నెత్తిన మొయ్యాలి. ఊట ఆరో మలుపులో ఉంది. అక్కడికి ఎనిమిది వందల పన్నెండు మెట్లు. కారు బాగుపడక ముందు మా ఆవిడ కొండమ్మ పదకొండేళ్ళు మోసింది. ఇప్పటికీ దాని మెడ ఎడమ పక్కకి తిరగదు. నేను ఎప్పుడూ ఎడమ పక్కనే కూచుంటాను, సుఖంగా ఉంటుంది.

"మొదటి మిట్టోలి ముల్లు ఇరవై. మనది పద్నాలుగు. ఆరు తక్కువుంటే ఆఖరున రాకేటవుతాం?" అన్నాడు గవరయ్య.

"ముల్లు పెంచడం టర్బో మరమేకు తిప్పినంత పని, నాయుడుగారూ. ఇంజన్ బలం, అదే గుర్రాలు, పెరగడం వేరే పని," అంది పైడితల్లి. ఆమె మా మెకానిక్కు. నాలుగో మిట్ట నుంచి కోడలిగా వచ్చింది. కన్నకొడుకు ముక్కు కంటే టర్బోనే ఎక్కువ తుడుస్తుందని వాళ్ళ అత్త బాధ.

"గుర్రాలేటి, ఎద్దులేటి. తిప్పీ."

తిప్పింది. ముల్లు పద్దెనిమిదికి పోయింది. నేను అరుగెక్కి అరిచాను. బెల్లం పంచారు.

ఎండ 13

బండ లాగి చూశాం. ఇసుక సీసా ఒకసారి ఖాళీ అయ్యేలోపు బండ ఎన్ని బారలు జరిగితే అంత బలం. చక్రాలు జారకుండా ఊళ్ళో బరువైన ఆరుగుర్ని కారెక్కిస్తారు. అది మా దగ్గర గౌరవం. ఏటా బరువు తూచి ఎంచుతారు. గవరయ్య ఎప్పుడూ మొదటివాడు.

పద్నాలుగు ముల్లు మీద అరవై ఒక్క బార జరిగిన బండ, పద్దెనిమిది మీద అరవై ఆరు జరిగింది.

గవరయ్య కారు దిగి వేళ్ళు మడిచాడు. "పద్నాలుక్కి అరవై ఒకటైతే పద్దెనిమిదికి డెబ్బై ఎనిమిది రావాల. పన్నెండు బారలు ఎవుడు తిన్నాడు?"

"మీరు బయట గాలిని మర్చిపోనారు," అంది పైడితల్లి.

"బయట గాలికి మనకీ ఏటి సంబంధం?"

"గేజీలో సున్నా అంటే గాలి లేదని కాదు నాయుడుగారూ. బయట ఎంతుందో లోపలా అంతే ఉందని. ఈ మిట్ట మీద ఆ గాలే పదమూడు పాయింట్లు. దాని మీద టర్బో కుక్కింది పద్నాలుగు. మొత్తం ఇరవై ఏడు. ఇప్పుడు ముప్పై ఒకటి. ఇరవై ఏడు ముప్పై ఒకటైతే అరవై ఒక్క బార డెబ్బై అవ్వాల. మీ డెబ్బై ఎనిమిది కాదు."

"డెబ్బై కూడా రాలేదు కదే."

"నాలుగు బారలు వేడి తినేసింది. వేడెక్కిన గాలి ఉబ్బి ఎక్కువ చోటు తినేస్తాది."

గవరయ్య ఆ సమాధానం ఒప్పుకోలేదు. నాలుగు బారలు తిన్నది ఇప్పసారా కాపలావాళ్ళేనని ఆయన అనుమానం. ఈ సాయంత్రం వాసన ఆయనే స్వయంగా చూశాడు. నాకు ఒక పూట సెలవు దొరికింది.

గుర్రం ఎలా ఉంటుందో మా మిట్ట మీద ఎవరూ చూడలేదు. కారుతో వచ్చిన పాత పుస్తకంలో డెబ్బై గుర్రాలని ఉంది, టర్బో లేకుండా. అది కింద సముద్రం పక్కన లెక్క. ఇక్కడ గాలి పలచన, అరవయ్యే ఉంటాయి. అరవై ఒక్క బార అంటే వంద గుర్రాలని, అరవై ఆరంటే నూట ఎనిమిదని పైడితల్లి లెక్కగట్టింది. రాసుకున్నాను.

ఎండ 16

మొదటి మిట్టవాళ్ళ ఇరవై దాటాలని గవరయ్య పట్టుబట్టాడు. పైడితల్లి మళ్ళీ తిప్పింది. ముల్లు: ఇరవై రెండు.

అంత సంఖ్య నేను ఎప్పుడూ అరవలేదు. చివర గొంతు జీరబోయింది. రెండో మిట్టవాళ్ళు మూడు నెలలుగా నాన్చుతున్న పెళ్ళిసంబంధం మధ్యాహ్నానికల్లా ఖాయం చేసుకుని పోయారు. మరి ఇరవై రెండు ముల్లు ఊరు.

బండ జరిగింది అరవై ఏడు బారలు. నాలుగు పాయింట్లు పెంచితే ఒక్క బార. ఇంజన్లో గులకరాళ్ళు పోసి గిలక్కొట్టినట్టు చప్పుడు కూడా వచ్చింది. టర్బో నుంచి ఇంజన్లోకి గాలి వెళ్ళే గొట్టం ఎంత కాలిందంటే, నలుగురు ఆడవాళ్ళు వచ్చి దాని మీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకున్నారు. బాగా కాలాయి. నేనూ ఒకటి తిన్నాను.

"ఇలా ఇంకో వారం లాగితే పోటీ నాటికి పిస్టన్లు కరిగి నీళ్ళయిపోతాయి," అంది పైడితల్లి నాతో మాత్రమే.

ఎండ 18

కొండమ్మ అన్నం పట్టుకొస్తే ముగ్గురం షెడ్డులోనే తిన్నాం. ముల్లు ఎందుకు అబద్ధాలాడుతోందని పైడితల్లిని అడిగాను.

"ముల్లు అబద్ధమాడదు ఆసిరన్నా. మనమే దాన్ని వేరే ప్రశ్న అడుగుతున్నాం. పెళ్ళి భోజనాలప్పుడు పందిరి వాకిట్లో జనం తోసుకుంటారు చూడు. ఎంత తోసుకుంటున్నారో ముల్లు చెప్తాది. లోపల ఎందరు తిన్నారో చెప్పదు. వాకిలి ఇరుకైనా తోపులాటే, జనం ఎక్కువైనా తోపులాటే."

"మరి గుర్రాలు?"

"తిన్నోళ్ళ లెక్క గుర్రాలు. ఈ ఇంజన్‌కి వాకిళ్ళు ఇరుకు. ఇంజన్ పైమూత, అదే హెడ్డు, విప్పి, గాలి దూరే దారుల్ని ఆకురాయితో వెడల్పు చేస్తే ఎక్కువ గాలి పోతాది. పోతే వాకిట్లో తోపులాట తగ్గి ముల్లు పడిపోతాది. ముల్లు పడితే నాయుడుగారు నన్ను పుట్టింటికి పంపీస్తారు."

"వేడి సంగతో?" అన్నాను. "వేడెక్కిన గాలి ఉబ్బిపోయి, కాస్తే ఎక్కువ చోటు తినేస్తాదన్నావు."

ఆమె చెయ్యి కడుక్కుంది. కొండమ్మ గిన్నెలు సర్దుతూ అంది: "కల్లుకుండకి తడి గోనె చుడతాం. దీనికెందుకు చుట్టరు? పొత్తులు కాలుతున్నాయని సంబరపడుతున్నారు గానీ."

పైడితల్లి కొండమ్మ వైపు కాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది, ఇన్నాళ్ళూ ఈమెని ఇంట్లో పెట్టుకుని గొర్రెలు కాశావా అన్నట్టు.

ఎండ 19

గవరయ్యని అడిగి చూశాం. వాకిలి, పందిరి, భోజనాలు అన్నీ చెప్పాం. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ముల్లు ఎంతకి పడతాది?"

"పదమూడుకి."

"నా కంఠంలో ప్రాణముండగా ఈ ఊరు పదమూడు అనిపించుకోదు."

సాయంత్రం ముగ్గురం ఒక నిర్ణయానికి వచ్చాం. బేరింగు పోయిందని చెబుతాం. నాలుగు రోజులు కారు కదలదు. ఈ పేజీ ఎవరికీ చూపించను. గవరయ్యకి చదువు వచ్చు గానీ కళ్ళద్దాలు లేవు. పొడుగాటి పేరాలు ఆయన చదవడు. అందుకే పొడుగ్గా రాస్తున్నాను.

ఎండ 23

నాలుగు రోజులూ ఆడవాళ్ళు నీళ్ళు మోశారు. కొండమ్మ కూడా మోసింది, మోసి వచ్చి షెడ్డు గుమ్మంలో కడవ దించి "ఐదో రోజైతే ఆ ఆకురాయి పెట్టి మీ ఇద్దర్నీ అరగదీస్తాను" అని చెప్పింది. పైడితల్లి రేపు హెడ్డు బిగిస్తుంది. ఇత్తడి రజను ఆమె జుట్టంతా పట్టింది. వాళ్ళత్త అది బంగారమనుకుని దువ్వించి దాచిందట.

ఎండ 24

బిగించాం. గొట్టానికి తడి గోనె చుట్టి, పైన చిల్లుకుండ వేలాడదీశాం. నీటిబొట్లు గోనె మీద పడుతూ ఉంటాయి.

తెల్లారగానే ఎవరూ లేకుండా తొక్కి చూశాం. ముల్లు: పదమూడు. చప్పుడు లేదు. గొట్టం మీద చెయ్యి పెట్టొచ్చు.

ఇప్పుడు అరుగెక్కి నేనేం అరవాలి అన్నది మిగిలింది. గేజీ వీధి వైపే ఉంటుంది, వచ్చిన ప్రతివాడూ చూస్తాడు. పైడితల్లి గేజీ అద్దం తీసి, ముల్లుని ఇరుసు మీంచి లాగి, తొమ్మిది గీతలు ముందుకి పెట్టి నొక్కింది. పదమూడు ఇరవై రెండయింది.

"ఇంజన్ ఆపితే తొమ్మిది దగ్గర ఆగుతాది కదా?" అన్నాను.

"ఆపినప్పుడు గుడ్డ కప్పు. పడుకున్న ముల్లుని చూడకూడదని చెప్పు."

చెప్పాను. మధ్యాహ్నానికి ఆ గుడ్డకి పసుపు పూశారు. సాయంత్రానికి బొట్టు పెట్టారు.

బండ: ఎనభై రెండు బారలు. నూట ముప్పై నాలుగు గుర్రాలు. బండ వెనక పరిగెత్తిన వాళ్ళు దుమ్ములో దగ్గుతూ కేకలు పెట్టారు.

"చూశారా!" అన్నాడు గవరయ్య కారు మీద నుంచే. "ఇరవై రెండంటే ఇదీ!"

"మొన్న ఇరవై రెండుకి అరవై ఏడే వచ్చింది కదా నాయుడుగారూ," అన్నాను. ఉండబట్టలేక.

"అప్పటికి ముల్లు ఇంకా పండలేదు."

ఎండ 28

ఎండలో అద్దం మెరిపించి మిట్ట నుంచి మిట్టకి పంపే అద్దం కబురు వచ్చింది. మబ్బు లేదు కాబట్టి ప్రతి అక్షరమూ తెలిసింది. మొదటి మిట్టవాళ్ళు ముల్లుని ఇరవై ఏడు దాకా తిప్పారట. ఇంజన్ పేలి డ్రైవరు చెయ్యి కాలింది. ఇంజన్ బాగుచేసుకుంటున్నారు. పంచాయతీ కొత్త రూలు పెట్టింది: ఈ ఏడు ఏ కారు ముల్లూ పదహారు దాటకూడదు. దాటితే బండ ఎంత దూరం జరిగినా ఆ ఊరు ఆఖరు కింద లెక్క. తనిఖీ ఉంటుంది.

ఊళ్ళో పొయ్యిలు వెలగలేదు. మాది ఇరవై రెండని ఐదు మిట్టల్లోనూ మేమే చెప్పుకున్నాం.

చీకటి పడకముందే గవరయ్య షెడ్డుకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఒరే ఆసిరీ. అమ్మా పైడీ. ఒక మాట. ఆ ముల్లుకి కాస్త అబద్ధం నేర్పగలమా?"

నేను సారా కొలతగిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను. తలెత్తితే నవ్వు వచ్చేస్తుంది.

"పెద్దలు అనాల్సిన మాటేనా అది?" అంది పైడితల్లి. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "పసుపు పూసిన ముల్లు నాయుడుగారూ."

"పూసింది మనమే కదమ్మా. మనం తుడుచుకోవచ్చు."

"మరమేకు తిప్పి నిజంగానే తగ్గించొచ్చు."

"అమ్మో! బలం పోదూ? బలం ఇరవై రెండే ఉండాల. చూపించడం మట్టుకు తక్కువ చూపించాల."

పైడితల్లి గుడ్డ మీంచే గేజీని తట్టి, చెవి పెట్టి, నిట్టూర్చింది. చాలా కష్టమైన పనని చెప్పింది. మూడు రోజులు కారు ముట్టుకోకూడదంది. ఆడవాళ్ళని నీళ్ళకి పంపితే ఎందుకు, ఏమిటని అడుగుతారు, సంగతి బయటికి పొక్కుతుంది. కాబట్టి ఈ మూడు రోజులూ నీళ్ళు ఊరి పెద్దలే మొయ్యాలంది.

"పెద్దలా?"

"రహస్యం తెలిసినోళ్ళు మీరే కదా."

ఎండ 31

గవరయ్య, ఆయన తమ్ముడు, ఇంకో నలుగురు పెద్దలు మూడు రోజులు ఊట నీళ్ళు మోశారు. కారు మీద బరువుకి ఎంచేది వీళ్ళనే కాబట్టి మెట్లెక్కడం అంత సులువుగా జరగలేదు. మొదటి రోజు ఆరు కడవలు పగిలాయి. రెండో రోజు గవరయ్య నాలుగు వందలో మెట్టు మీద కూచుని, మిగతావి ఎవరు కట్టారని అడిగాడట. కొండమ్మ రోజూ మెట్ల పైన నిలబడి వచ్చిన కడవలు లెక్కపెట్టింది. మూడో రోజు ఆయన మెడ ఎటూ తిరగలేదు.

"ఇది మీరు రోజూ మోసేవారా?" అని అడిగాడట దాన్ని.

"మళ్ళీ మోస్తాం. కారు పోతే," అందట ఇది.

ముల్లు లాగి మళ్ళీ సరైనచోట నొక్కడానికి పైడితల్లికి పట్టిన సమయం ఒక తుమ్ముకి పట్టినంత. మిగతా మూడు రోజులూ షెడ్డులో నిద్రపోయింది. చాలా రోజులుగా సరిగా పడుకోలేదు. నేను బయట కూచుని అప్పుడప్పుడు ఇనుము మీద సుత్తితో కొట్టాను.

సాయంత్రం గవరయ్య వచ్చి చూశాడు. ముల్లు: పదమూడు. లోపల్లోపల ఎంత ఉందని సైగ చేశాడు. ఉన్నంతా ఉందని పైడితల్లి సైగ చేసింది. అందులో అబద్ధం లేదు.

ఎండ 40

బండ మైదానం మూడో మిట్ట మీద. ఐదు ఊళ్ళ జనం గట్ల మీద కూచున్నారు. పుస్తకం వెంట తెచ్చుకుని అక్కడే రాస్తున్నాను, కొంచెం వంకరగా ఉంటుంది.

తనిఖీదారు పేరు వెంకటజోగి. చిన్న మనిషి, మెడలో తాళాల గుత్తి. మా గేజీ వైపు చూడనైనా చూడలేదు. చెక్కపెట్టె తెరిచి తనతో తెచ్చిన కొత్త గేజీ బయటికి తీశాడు. ఐదు కార్లకీ ఇదే బిగిస్తాను, ఊళ్ళ గేజీలతో పనిలేదన్నాడు.

గవరయ్య ఎప్పటిలాగే కారు మీద బరువుగా కూచుని ఉన్నాడు. ఆ మాట వినగానే సగం లేచి నా వైపు వంగాడు. "ఆసిరీ," అన్నాడు మెల్లగా. "అయిపోనాం."

"కూచోండి నాయుడుగారూ. బరువు తగ్గుతాది."

మొదటి నలుగురూ లాగారు. నాలుగూ పదహారు దగ్గరే, గీతకి అటూ ఇటూ కాకుండా. మొదటి మిట్టవాళ్ళది డెబ్బై ఒకటి. మిగతావి అరవై నాలుగు, అరవై తొమ్మిది, అరవై ఆరు.

మావంతు వచ్చింది. కొండమ్మ గోనె తడిపి చిల్లుకుండ నింపి గట్టు మీదికి పోయింది. పైడితల్లి తొక్కింది. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు.

"పదమూడు," అన్నాడు వెంకటజోగి.

ఇసుక అయిపోయేసరికి ఎనభై మూడు బారలు. మా వాళ్ళు తువ్వాళ్ళు ఎగరేశారు.

ఆ సంబరం సీసా మళ్ళీ తిరగేసినంతసేపు కూడా లేదు. మొదటి మిట్ట డ్రైవరు సూర్రావు, కాలిన చేతికి కట్టుతో, బండ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పదమూడు ముల్లు పదహారుని కొట్టిందంటే ఎవుడు నమ్ముతాడండీ? ఏదో మోసముంది. ఈళ్ళది ఇరవై రెండని ఈళ్ళే ఊరూరా చెప్పుకున్నారు. ఆ గవరయ్యనాయుడినే అడగండి. పెద్దమనిషి కదా, ఐదూళ్ళ ముందు చెప్పమనండి."

గట్ల మీద గోల మొదలైంది. "ఇరవై రెండా? పదమూడా?" అని ఒక పక్క. "పదమూడు ముల్లు ఊరు, పదమూడు ముల్లు ఊరు" అని ఇంకో పక్క. ఈలలు వేశారు. సంబంధం ఖాయం చేసుకున్న రెండో మిట్టవాళ్ళు మా వైపు చూడడం మానేశారు.

వెంకటజోగి కారు దగ్గరికి వచ్చాడు. "నాయుడుగారూ, నా గేజీ పదమూడంది. మీరు ఇరవై రెండని చెప్పుకున్న మాట నిజమైతే, గేజీకేదో చేశారని రాసుకుంటాను. మీ ఊరు ఆఖరు. ఏదో ఒకటి చెప్పండి."

గవరయ్య కారు మీద లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. "పదమూడు ముల్లు" అని ఎవరో మళ్ళీ అరిచారు. ఆయన నోరు తెరిచాడు. "మాది..." అన్నాడు. ఏమనబోతున్నాడో నాకు తెలుసు. పైడితల్లికీ తెలుసు. ఆమె స్టీరింగు మీద తల వాల్చేసింది.

"నాయుడుగారూ!" అని గట్టు మీద నుంచి కొండమ్మ కేకేసింది. "ఎనిమిది వందల పన్నెండు!"

ఆ లెక్కేమిటో మిగతా నాలుగూళ్ళకీ అర్థం కాలేదు. గవరయ్య అటు చూడబోయాడు. మెడ తిరక్క మనిషి మొత్తం తిరిగాడు. మా ఊరి ఆడవాళ్ళు అందరూ ఒకేచోట కూచుని ఉన్నారు. మళ్ళీ మనిషి మొత్తం వెంకటజోగి వైపు తిరిగాడు.

"మాది పదమూడే," అన్నాడు. "ఇరవై రెండని చెప్పింది గొప్పకి."

తన జన్మలో ఆడిన అబద్ధాల్లోకెల్లా పెద్దది అదేనని ఆయన నమ్మకం. ఆ ఉదయం నుంచి మా ఊరి వాళ్ళు పలికిన మాటల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే.

వెంకటజోగి రాసుకున్నాడు. ఐదో మిట్ట మొదటి స్థానం. కారు మా ఊళ్ళోనే ఉంటుంది. ఆఖరున వచ్చిన వాళ్ళు ఎవరో నేను చూడలేదు.

ఎండ 41

పైడితల్లికి మనసొప్పక పొద్దున్నే గవరయ్యకి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. బేరింగు, ఆకురాయి, ముల్లు లాగి నొక్కడం అన్నీ. నిజంగానే పదమూడని, మీరు ఐదూళ్ళ ముందు చెప్పింది నిజమేనని.

ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తర్వాత కన్ను గీటాడు. "అలాగే చెప్పుకుందాం," అన్నాడు. "ఎవుడడిగినా అదే మాట మీదుండండి."

మూడు రోజులు ఊరికే నీళ్ళు మోయించిన సంగతి కూడా చెప్పిందా అని అడిగాను. అది మాత్రం చెప్పలేదట. కొన్ని నిజాలు ఇంకా పండాలంది.

ఎండ 49

ముల్లు: పదమూడు. పిండిమర మామూలు. నీళ్ళు రెండు ట్యాంకులు. రెండో మిట్టవాళ్ళు వచ్చి లగ్నం పెట్టుకుపోయారు.

మధ్యాహ్నం గవరయ్య రొప్పుకుంటూ షెడ్డుకి వచ్చాడు. వారం రోజులుగా ఆయన ఒకే విషయం ఆలోచిస్తున్నాడట. మేం చెప్పింది నిజమేనేమో అనిపించిందట. నాలుగూళ్ళవాళ్ళూ అదే అనుకుంటున్నారట.

"మీరు సెప్పింది ఇప్పుడర్థమైందమ్మా," అన్నాడు పైడితల్లితో. "పదహారుని పదమూడు కొట్టింది. అంటే ముల్లు తక్కువున్నోడికే బలమెక్కువ. అంతే కదా?"

"అది కాదు నాయుడుగారూ. వాకిలి వెడల్పు..."

"మొదటి మిట్టోలు తొమ్మిదికి దించీసినారు. పొద్దున్న అద్దం మెరిపించి మరీ సెప్పినారు. మూడో మిట్టోలు పది. మనం పదమూడు దగ్గర కూచున్నాం. ఎనిమిదికి దించీ."

"దించితే గాలి తగ్గుతాది. వాకిలి ఎంత వెడల్పున్నా రావలసిన జనం రావాలి కదా. గుర్రాలు వందకి పడిపోతాయి. బండ పోయినేడు ఎంత జరిగిందో అంతే జరుగుతాది."

"బండకి ఇంకా ఏడాదుంది. తొమ్మిది రేపు పొద్దున్నే అరుస్తారు."

"ఎనిమిది చాలకపోతే?"

"ఏడు."

"వాళ్ళు ఆరుకి దించితే?"

గవరయ్య అరుగు మీద కూచుని నిదానంగా ఆలోచించాడు. "సున్నా కింద అంకెలున్నాయా ఆ గేజీలో?" అని అడిగాడు.

ఉన్నాయంది పైడితల్లి. సున్నా కిందికి పోతే టర్బో ఉండీ లేనట్టేనని, బండ సంగతి దేవుడెరుగు, నీళ్ళ ట్యాంకు కూడా ఆరో మలుపు దాటి పైకి రాదని చెప్పింది.

"ట్యాంకు సగం నింపుకుని రండి," అన్నాడు గవరయ్య. "ముల్లు మట్టుకు ఏ ఊరి కన్నా పైన ఉండకూడదు."

ఆ మాట ఉన్నదున్నట్టు ఇక్కడ రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించాను. కళ్ళద్దాలు లేవు కాబట్టి ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను.